సరుకు మనది, ధర ఎవరిది?

పత్తి, గ్రానైట్, కూలీ. ఉత్తర తెలంగాణ నుంచి ప్రపంచానికి పోయేవన్నీ దాదాపు ముడిగానే పోతున్నాయి. ప్రపంచ వాణిజ్యం ఎటు పోవాలో పెద్ద దేశాలు వాదులాడుకుంటున్న ఈ కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల లెక్క ఎవరు చూస్తున్నారు?

2025 ఆగస్టు మూడో వారం. ఆదిలాబాద్ జిల్లా జైనథ్, బేల మండలాల నల్లరేగడిలో పత్తి గూడ కట్టి పూత మీదుంది. మృగశిర వానలకు గింజ పెట్టిన రైతు అప్పటికే ఎరువు వేసి, కలుపు తీయించి, మందు కొట్టి, ఆ ఏటి పెట్టుబడిలో ఎక్కువ భాగం చేనుకే ధారపోశాడు. పంట చేతికొచ్చేది దసరా దాటాకే. ఆ నడిమధ్యలో, ఆగస్టు 18న, ఢిల్లీలో ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని మర్నాటి నుంచి సెప్టెంబరు 30 దాకా ఎత్తేశారు. పది రోజులకే ఆ గడువును డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజుల్లోనే అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా దూది సుంకం లేకుండా దిగే ఏర్పాటు జరిగిపోయింది.

కారణం అమెరికాలో ఉంది. ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న పేరుతో 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. మన దుస్తులను అందరికన్నా ఎక్కువగా కొనేది ఆ దేశమే. బంగ్లాదేశ్, వియత్నాంల మీద 20 శాతం, మన మీద 50 శాతం అనేసరికి తమిళనాడులోని దుస్తుల కేంద్రం తిరుప్పూర్‌కు రావాల్సిన ఆర్డర్లు అటు మళ్లే పరిస్థితి వచ్చింది. కనీసం దూదైనా చౌకగా దొరికితే పోటీలో నిలబడతామని మిల్లులు అడిగాయి. వాళ్ల బాధ నిజమైనదే. కుట్టు మిషన్ల ముందు కూర్చున్న లక్షల మంది ఆడవాళ్ల కూలి దాని మీదే నడుస్తుంది.

నా అభ్యంతరం ఒక్కటే. దెబ్బ తగిలింది తిరుప్పూర్‌కు, కట్టు కట్టడానికి గుడ్డ మాత్రం ఆదిలాబాద్ రైతు ఒంటి మీంచి చించారు. మిల్లులకు ఖజానా నుంచి సాయం చేయొచ్చు, వడ్డీ రాయితీ ఇవ్వొచ్చు, ఎగుమతి ప్రోత్సాహకం పెంచొచ్చు. అలా చేస్తే భారం దేశమంతా పంచుకునేది. సుంకం ఎత్తేయడంతో ఆ భారం మొత్తం వర్షాధారపు చేను మీద, అప్పు తెచ్చి విత్తనం కొన్న మనిషి మీద పడింది. అదే నెల 7న ఢిల్లీలో జరిగిన వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ శతజయంతి సదస్సులో రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదని ప్రధాని ప్రకటించారు. ఆ మాట విన్న పత్తి రైతు పదకొండు రోజులకే ఈ నోటిఫికేషన్ చూడాల్సి వచ్చింది.

ఆ ఏడాది పత్తి మద్దతు ధరను కేంద్రం మే 28న ప్రకటించింది. పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యస్థ పింజకు 7,710. ఆ ధర చూసే ఆదిలాబాద్ జిల్లాలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పత్తి పెట్టారు. మద్దతు ధర ఎంతో విత్తనానికి ముందే చెప్పగలిగిన ప్రభుత్వం దిగుమతి సుంకం ఎంతో కూడా అదే రోజు చెప్పాలి. పంట చేతికొచ్చేదాకా దాన్ని మార్చకూడదు. మిల్లుకు కావాల్సిన నిలకడే రైతుకూ కావాలి.

ధర పెరిగినప్పుడు ఏం జరిగింది

ఇది ఒక్క ఏటి కథ అయితే ఇంతగా చెప్పుకోనక్కర లేదు. 2010 ఏప్రిల్‌లో పత్తి ఎగుమతులు ఆపేశారు. ఆ తర్వాతి సీజన్లో ప్రపంచ ధర ఎన్నడూ లేనంతగా పెరిగి, 2011 మార్చిలో పౌను దూది రెండు డాలర్లు దాటింది. అప్పుడు మన దేశం ఎగుమతికి 55 లక్షల బేళ్ల హద్దు గీసింది. 2012 మార్చి 5న మళ్లీ నిషేధం. రైతు సంఘాలు, పత్తి పండే రాష్ట్రాలు గొడవ చేస్తే వెనక్కి తగ్గారు. 2022 మొదట్లో జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లలో క్వింటాలు పత్తి పది వేలు దాటింది. రైతు ముఖంలో నవ్వు కనబడిన అరుదైన ఏడు అది. ఏప్రిల్ 14న దిగుమతి సుంకం తీసేశారు. 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, ఏడాదికి పైగా అలాగే ఉంచారు. శ్రీరాంసాగర్ నీళ్లతో, కాళేశ్వరం నీళ్లతో కరీంనగర్ జిల్లా వరి రాశులు పోస్తున్న కాలమది.

ఈ తేదీలను వరసగా పేర్చి చూస్తే పద్ధతి తెలిసిపోతుంది. బయట ధర బాగున్నప్పుడు ఎగుమతికి అడ్డు వచ్చింది, లోపల ధర పెరిగినప్పుడు దిగుమతికి దారి పడింది. 2025లో ధరలు అప్పటికే దిగి ఉన్నా దిగుమతికి దారి ఇచ్చారు. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ, ఢిల్లీలోని పరిశోధన సంస్థ ఇక్రియర్ కలిసి 2018లో ఒక అధ్యయనం ప్రచురించాయి. 2000 నుంచి 2016 దాకా లెక్క కడితే, సబ్సిడీలన్నీ పోను, వాణిజ్య ఆంక్షల వల్ల, మార్కెట్ లోపాల వల్ల మన రైతులు సగటున తమ రాబడిలో 14 శాతం దాకా పోగొట్టుకున్నారని అది తేల్చింది. ఉచిత కరెంటు, ఎరువుల రాయితీ చూసి రైతును ప్రభుత్వం పోషిస్తోందనుకునే పట్నం చదువరి ఈ ఒక్క అంకెను గుర్తుపెట్టుకుంటే చాలు.

రూల్సు రాసిన చేతులు

ప్రపంచీకరణ మీద ఆర్థికవేత్తల వాదన పాతదే. దేశాల మధ్య సరుకులు స్వేచ్ఛగా తిరిగితే పేదరికం తగ్గుతుందని జగదీశ్ భగవతి జీవితమంతా వాదించారు. నిబంధనలు రాసేది బలవంతులే కాబట్టి లాభమూ వాళ్లకే పోతుందని జోసెఫ్ స్టిగ్లిట్జ్ 2002లో పుస్తకమే రాశారు. మార్కెట్ తెరిచే దేశం దెబ్బ తినే వాళ్లకు ముందే రక్షణ కట్టి పెట్టాలని, లేకపోతే జనం ఆ మార్కెట్ మీదే తిరగబడతారని డానీ రోడ్రిక్ 1997 నుంచీ చెబుతున్నారు. ముగ్గురి మాటలోనూ ఆదిలాబాద్ పత్తికి పనికొచ్చేది ఉంది. 2022లో పది వేల ధర వచ్చింది ప్రపంచ మార్కెట్ పుణ్యాన్నే, అది భగవతి పక్షం. స్టిగ్లిట్జ్ పక్షాన మాట్లాడేది అమెరికా పత్తి సబ్సిడీల చరిత్ర.

2001-02లో అమెరికా తన పత్తి రైతులకు, వాళ్లు ఓ పాతిక వేల మంది ఉంటారు, 300 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. సబ్సిడీ దూది ప్రపంచ మార్కెట్లో పడి ధర కుంగింది. మన దగ్గర 1997-98లో పురుగు తిన్న పత్తి చేలల్లో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ రైతులు ప్రాణాలు తీసుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. 2003లో పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు ఆ సబ్సిడీలు ఎత్తేయమని ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. ఆ సెప్టెంబరులో కాన్‌కున్ సమావేశం విఫలమైంది. బ్రెజిల్ కేసు వేసి, 2005లో అప్పీలులోనూ గెలిచింది. అయినా అమెరికా సబ్సిడీ ఆపలేదు. ప్రతీకార సుంకాల నుంచి తప్పించుకోవడానికి 2010 నుంచి బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు ఏటా 14.73 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. 2014లో ఇంకో 30 కోట్ల డాలర్లిచ్చి గొడవ ముగించుకుంది. తన రైతుకిచ్చే డబ్బు ఆపలేక, కేసు గెలిచిన దేశపు రైతుకు కూడా డబ్బు కట్టిన దేశమది. కేసులో లేని ఆఫ్రికా రైతుకూ, ఆదిలాబాద్ రైతుకూ దక్కింది ఏమీ లేదు.

2018 నవంబరులో అదే అమెరికా, భారత్ పత్తికి ఇచ్చే మద్దతు ధర హద్దు మీరిందని వాణిజ్య సంస్థలో ఫిర్యాదు లాంటి ప్రతి నివేదన ఇచ్చింది. ఆ లెక్క ఎలా కడతారో రైతులకు తెలియాలి. మన మద్దతు ధరను ఇప్పటి అంతర్జాతీయ ధరతో పోల్చరు. 1986-88 నాటి ధరతో పోలుస్తారు. ఆ తేడాను పంటతో గుణించి, వచ్చిందంతా సబ్సిడీ కింద రాస్తారు. పంట విలువలో అది 10 శాతం దాటకూడదు. అమెరికా వాదన ప్రకారం ప్రభుత్వం కొన్న పత్తినే కాకుండా పండిన పత్తినంతా అందులో చేర్చాలి. దాదాపు నలభై ఏళ్ల కిందటి ధరతో పోలిస్తే ఏ పంటకు ఏ ధర ఇచ్చినా నేరంగానే కనబడుతుంది. అప్పటి విత్తనం ధరెంత, డీజిల్ ధరెంత, కూలి ఎంత?

ఇంత అన్యాయం ఉన్నా ఆ సంస్థ పోతే పోనీ అనడానికి నాకు మనసొప్పదు. అక్కడ తుది తీర్పు చెప్పే అప్పీలు మండలికి కొత్త సభ్యులను అమెరికా నియమించనివ్వకపోవడంతో అది 2019 డిసెంబరు నుంచి మూతపడి ఉంది. ఎవరి బలం వాళ్లదే అన్న చోట ఎవరు నలుగుతారో 2025 ఆగస్టు చూపించింది. బ్రెజిల్‌కు న్యాయం సగమే దక్కినా, ఆ సగం దక్కింది ఒక నిబంధన పుస్తకం ఉండబట్టే. నిబంధనలు సరి చేయమని కొట్లాడాలి. పుస్తకాన్నే చించేస్తే మనకు కొట్లాడే చోటు కూడా మిగలదు.

కొట్లాడితే ఫలితం ఉంటుందనడానికి ఇంటి ఉదాహరణే ఉంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల విత్తన ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో పెద్ద వాటా మోన్‌శాంటో టెక్నాలజీకి కట్టే రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఎక్కింది. కమిషన్ ఆ రాయల్టీని తప్పుబట్టింది, రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా ఖరారు చేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం రైతు పక్షాన గట్టిగా నిలబడితే ఎంత పెద్ద బహుళజాతి కంపెనీ అయినా దిగి రావాల్సిందే. ఆ కొట్లాటను ఆంధ్రులు, తెలంగాణ వాళ్లు ఇద్దరూ మరిచిపోయారు.

మార్కెట్ యార్డులో

ఆదిలాబాద్ యార్డులో కొనుగోళ్లు మొదలయ్యే రోజు చూడాలి. ముందు రాత్రే బొలెరోలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు గేటు బయట బారు కడతాయి. పత్తి లోడు మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటారు. తెల్లారి పూజ, కొబ్బరికాయ, నాయకుల ఫొటోలు అయ్యాక అసలు పని మొదలవుతుంది. కొనుగోలు అధికారి చేతిలో తేమ కొలిచే మీటరు ఉంటుంది. పత్తిలో దాన్ని గుచ్చుతారు. చుట్టూ మూగిన వాళ్ల కళ్లన్నీ ఆ చిన్న తెర మీదే.

ఎనిమిది లోపు చూపిస్తే పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి ఒక్కో శాతం పెరిగేకొద్దీ ధరలో ఒక శాతం కోత, అంటే 2025 ధర 8,110లో 81 రూపాయలు. పన్నెండు దాటితే మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ కాటన్ కార్పొరేషన్ కొనదు. అక్టోబరు చివర ఆదిలాబాద్‌లో పొద్దున మంచు పడుతుంది, 2025లో అయితే తుపాను వాన కూడా పడింది. ఏరిన పత్తి ఎండబెట్టడానికి ఇంట్లో జాగ ఉండదు. అప్పులాయన ఆగడు, మిత్తి ఆగదు. మీటరు పదిహేను చూపిస్తే అదే యార్డులో ఇంకో వైపు నిలబడ్డ వ్యాపారి దగ్గరికి బండి తిప్పాలి. అక్కడ రేటు ఆయన చెప్పిందే. అందుకే ఏటా మొదటి రోజు తేమ దగ్గర లొల్లి అవుతుంది, ధర్నా జరుగుతుంది, కలెక్టరో ఎమ్మెల్యేనో వచ్చి మాట్లాడతారు, మధ్యాహ్నానికి కాంటా పెడతారు.

2025లో దానికి ఇంకో రెండు తోడయ్యాయి. ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాటు బుక్ చేసుకుంటేనే కొంటామన్నారు. ఆధార్‌కు లింకైన ఫోను ఉండాలి, సిగ్నల్ ఉండాలి, చదువు రావాలి. పోడు భూమిలో పత్తి పండించే గోండు, కొలాం రైతుకు, పట్టా పేరు వేరే వాళ్లదైన కౌలుదారుకు ఇది ఎంత కష్టమో చెప్పాల్సిన పని లేదు. రెండోది, ఎకరానికి పన్నెండు క్వింటాళ్ల దాకా కొనే చోట ఏడు క్వింటాళ్లే అన్నారు. బాగా పండించిన రైతుకే నష్టం చేసే నిబంధన అది.

క్వింటాలు పత్తిని జిన్నింగ్ చేస్తే దూది వచ్చేది 33 నుంచి 35 కిలోలు. మిగతాది గింజ. అది నూనెకు, పశువుల చెక్కకు పోతుంది. ఆ దూది ధర మన యార్డులో పుట్టదు. న్యూయార్క్ ఫ్యూచర్స్‌లో పౌను దూది ఎంత పలికింది, రూపాయి విలువెంత, చైనా కొంటుందా లేదా, వీటిని చూసుకుని వ్యాపారి రేటు చెబుతాడు. పైగా దిగుబడి దగ్గరే మనం వెనకబడ్డాం. బ్రెజిల్, చైనా హెక్టారుకు తీసే దూదిలో మనది నాలుగో వంతు దరిదాపుల్లో ఉంది. వానే ఆధారం, గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం మానేసింది, కొత్త విత్తనం రాలేదు. ఈ చేతగానితనం రైతుది కాదు. పరిశోధనకు డబ్బు పెట్టని వాళ్లది, చెనాక-కొరాట లాంటి సాగునీటి ప్రాజెక్టులను ఏళ్లకేళ్లు సాగదీసిన వాళ్లది.

వంగర నుంచి ఢిల్లీకి

ప్రపంచ మార్కెట్‌కు దేశం తలుపులు తెరిచిన మనిషి ఈ ప్రాంతం వాడే. పీవీ నరసింహారావు పెరిగిన వంగర అప్పటి కరీంనగర్ జిల్లాలోది. 1957 నుంచి 1977 దాకా వరసగా నాలుగు సార్లు ఆయన మంథని ఎమ్మెల్యే. ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టం అమలుకు పూనుకుని పదవి పోగొట్టుకున్నాడు. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి దిగుమతులకు కట్టడానికి దేశం దగ్గర కొద్ది వారాలకు సరిపడా డాలర్లే ఉన్నాయి. బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. జులై మొదటి వారంలో రూపాయి విలువ రెండు సార్లు తగ్గించారు. 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టిన రోజే కొత్త పారిశ్రామిక విధానమూ వచ్చింది. ఆ శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. 1995 జనవరి 1న వాణిజ్య సంస్థ పుట్టినప్పుడు భారత్ వ్యవస్థాపక సభ్య దేశంగా చేరిందీ ఆయన హయాంలోనే.

ఆ రోజుల్లో ఆయన చేసింది సరైనదేనని నా నమ్మకం. వేరే దారి ఉండి కూడా వదిలేశాడనడం చరిత్రకు అన్యాయం. అయితే తలుపు తెరిచిన దేశం దానికి తగ్గ సరంజామా పల్లెకు ఇవ్వలేదు. వరంగల్‌లో 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు ఈ కాలంలోనే మూతపడింది. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులు పెరిగాయి, బేళ్లు కట్టడం దగ్గరే పని ఆగిపోయింది. నూలు వడికేది వేరే రాష్ట్రాలు, బట్ట నేసేది, కుట్టేది ఇంకో చోటు.

విచిత్రమేమంటే నేత మన దగ్గరే ఉంది. ఆదిలాబాద్ నుంచి నాలుగైదు గంటలు ప్రయాణిస్తే సిరిసిల్ల. పాతిక వేలకు పైగా మరమగ్గాలున్న ఊరు. ఆ మగ్గాల మీద నడిచేది ఎక్కువగా పాలిస్టర్, ఆ నూలు వచ్చేది గుజరాత్ వైపు నుంచి. మన పత్తి దక్షిణాదికో గుజరాత్‌కో పోతుంది, మన మగ్గం చమురు నుంచి తీసిన దారాన్ని నేస్తుంది. మధ్యలో ఉండాల్సిన నూలు మిల్లు లేక రెండూ ఒకదానికొకటి ఎదురుపడవు. 2005 జనవరి 1న ప్రపంచ వస్త్ర వ్యాపారంలో కోటాలు రద్దయ్యాయి. బంగ్లాదేశ్, చైనా, వియత్నాం ఆ అవకాశాన్ని అందుకుని కోట్ల మందికి పని ఇచ్చాయి. సిరిసిల్లలో ఆ దశాబ్దం ఆత్మహత్యల దశాబ్దంగా మిగిలింది. మహారాష్ట్రలోని భివండీకి వలస పోయిన వాళ్లు పోగా ఉన్నవాళ్లను 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు ఆదుకుంది. అది ఆగినప్పుడు మళ్లీ మగ్గాలు ఆగాయి. తర్వాత ఇందిరా మహిళా శక్తి చీరలు వచ్చాయి. ప్రభుత్వం కొనే చీర మీద ఒక ఊరు ఎన్నాళ్లని బతుకుతుంది? సిరిసిల్ల దగ్గర పెద్దూరు అపారెల్ పార్కు, వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఆశలు రేపుతున్నాయి. అక్కడ ఆదిలాబాద్ దూది నూలుగా మారితేనే ఈ జిల్లాలకు అసలు లాభం.

గుట్టలు ఎక్కిన ఓడలు

కరీంనగర్ చుట్టూ గుట్టల్లో దొరికే గోధుమ ఎరుపు చారల రాయికి ప్రపంచ మార్కెట్లో ‘టాన్ బ్రౌన్’ అని పేరు. అమెరికాలో వంటింటి గట్ల మీద, యూరప్‌లో సమాధుల మీద ఈ రాయి కనబడుతుంది. బావుపేట, ఒద్యారం, గంగాధర వైపు పోతే సగం కోసేసిన గుట్టలు కనబడతాయి. డైమండ్ వైరుతో కోసిన బ్లాకు లారీ ఎక్కి, రైలు ఎక్కి, కాకినాడ రేవులో ఓడ ఎక్కుతుంది. ఎక్కువ సరుకు పోయేది చైనాకు. అక్కడి షామెన్ నగరం రాతి వ్యాపారానికి ప్రపంచ కేంద్రం. పలకలుగా కోయడం, మెరుగు పెట్టడం, అసలు లాభం తీసుకోవడం అక్కడే.

చైనా ఇళ్లు కట్టినంత కాలం కరీంనగర్ క్వారీలు నడిచాయి. 2020 మొదట్లో కరోనాతో చైనా రేవులు స్తంభిస్తే ఇక్కడ బ్లాకులు కుప్పలుగా పడ్డాయి. 2021లో చైనా ఇళ్ల నిర్మాణ కంపెనీ ఎవర్‌గ్రాండ్ కుప్పకూలి అక్కడి ఇళ్ల వ్యాపారం దెబ్బతింటే ఇక్కడి క్వారీకీ ఆ సెగ తగిలింది. 2022 నవంబరులో సీనరేజీ ఎగవేత ఆరోపణల మీద కరీంనగర్ గ్రానైట్ ఎగుమతిదారుల మీద ఈడీ సోదాలు జరిపింది. చైనాకు పోయిన బ్లాకుల లెక్కలే అందులో కీలకం. సర్కారుకు రావాల్సిన ఫీజు గురించి ఇంత గొడవైంది. పేలుళ్లకు గోడలు పగిలిన ఇళ్ల గురించి, దుమ్ము పట్టిన చేల గురించి, పూడిపోయిన కుంటల గురించి ఏ ఒప్పందంలో లెక్క రాశారు?

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి రాతి మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. తెలుగు కంద పద్యాలు మనకు దొరికిన తొలి చోట్లలో అదొకటి. గ్రానైట్ తవ్వకాల ముప్పు ఆ గుట్ట దాకా వచ్చింది. చరిత్రకారులు, భాషాభిమానులు అడ్డుపడితే నిలిచింది. క్యూబిక్ మీటరుకు ఇంత అని ధర కట్టి ఓడ ఎక్కించలేనివి కొన్ని ఉంటాయని ఆ గుట్ట కింద నిలబడితే తెలుస్తుంది.

ఈ నేల ఎప్పుడూ ముడిసరుకే అమ్మలేదు. కరీంనగర్ సరిహద్దుకు దగ్గర్లోని కోనసముద్రంలో, నిర్మల్, జగిత్యాల పరిసరాల్లో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ఒకప్పుడు ఇరాన్ దాకా పోయింది. డమాస్కస్ కత్తుల పేరుతో ప్రపంచం మెచ్చుకున్న ఆయుధాలకు దక్కను ఉక్కే ప్రాణం. 1820ల నాటికి భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ కోనసముద్రం వచ్చి ఆ తయారీ విధానాన్ని రాసి పెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు ఆ ఊళ్లో ఆయనకు తారసపడ్డాడు. ఆ ఉక్కును తమ దేశంలో చేయాలని చూసినా కుదరలేదని ఆ వ్యాపారే చెప్పాడు. కొనేవాడు వేల మైళ్లు దాటి మన కమ్మరి ముంగిటికి వచ్చి నిలబడిన రోజులవి. ఖనిజం అమ్ముకుని ఉంటే ఎవరూ వచ్చేవాళ్లు కారు. విద్య ఇక్కడ ఉంది కాబట్టి వచ్చారు. గుట్టలు కోసి బ్లాకులు పంపే వాళ్లకు, బేళ్లు కట్టి పంపే వాళ్లకు ఆ కమ్మరి పనితనం గురించి బడిలో ఒక్క పాఠమైనా చెప్పి ఉండాల్సింది.

మనుషుల ఎగుమతి

సరుకుల మాట అయింది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తెచ్చింది మనుషుల చెమట. 1970ల నుంచి ఈ పల్లెల మగవాళ్లు దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్‌లలో గోడలు కట్టారు, పైపులు వేశారు, గొర్రెలు కాశారు. ఊళ్లో కట్టిన డాబా ఇల్లు, చెల్లె పెళ్లి, తమ్ముడి చదువు ఆ డబ్బే. శవపేటికలో తిరిగొచ్చిన వాళ్లూ ఆ ఊళ్లలోనే ఉన్నారు. చమురు ధర పడినా, సౌదీ తన వాళ్లకే ఉద్యోగాలన్నా, కరోనా వచ్చినా మొదట కూలిపోయేది వీళ్ల బతుకే. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షల సాయం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చిన చిన్న ఊరట అది.

సరిహద్దులు దాటే సరుకు కోసం ఎన్నో ఒప్పందాలు రాసుకున్నారు. సరిహద్దు దాటే కూలీ దగ్గరికి వచ్చేసరికి కలాలు ఆగిపోయాయి. గల్ఫ్ దేశాలకు పోయే మన కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వమే తగ్గించింది. వాళ్ల పనిని ఇతర దేశాల కూలీలు ఎత్తుకుపోకుండా ఉండటానికన్నారు. తెలంగాణ గల్ఫ్ కార్మికుల సంఘాలు హైకోర్టుకు ఎక్కాయి. 2021 జులైలో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు.

2025 జులై 24న బ్రిటన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం అయింది. దానితో పాటు, తాత్కాలికంగా బ్రిటన్ వెళ్లే మన ఉద్యోగులు మూడేళ్ల పాటు అక్కడ సామాజిక భద్రత చందా కట్టనక్కర్లేకుండా ఒప్పించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కోసం ఇంత పట్టుపట్టిన చర్చల బృందానికి అభినందనలు. ఆ పట్టుదల జగిత్యాల తాపీమేస్త్రీ కోసం కూడా చూపించగలిగితే ఈ జిల్లాలకు ఎంతో మేలు. యూఏఈతో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని సమీక్షించే సంయుక్త కమిటీ కూడా ఉంది. కనీస వేతనం, పని చోట మరణిస్తే పరిహారం, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకుండా హామీ, వేతనం ఎగ్గొడితే ఇక్కడి నుంచే కేసు వేసే వీలు, ఇవి ఆ కమిటీ ఎజెండాలోకి ఎక్కాలి. కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్ స్థానాల నుంచి నలుగురు ఎంపీలు లోక్‌సభలో కూర్చుంటున్నారు. పార్టీలు ఏవైనా, వాళ్ల నియోజకవర్గాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. నలుగురూ కలిసి వాణిజ్య మంత్రిని, విదేశాంగ మంత్రిని ఈ నాలుగు అంశాల మీద లిఖితపూర్వకంగా అడగాలి. జవాబు వచ్చేదాకా సమావేశం వెంట సమావేశం అడుగుతూనే ఉండాలి.